మదార్‌బీ తాలు అన్న ఆట

మదార్‌బీకి మొహమాటం తెలియదు. గుంటూరు మిరప యార్డులో పదమూడేళ్ళుగా ఆమె పక్కన కూచుని కాయలు ఏరుతున్న ఎలీసమ్మ అందరికీ చెప్పే మాట అది. రంగు తెల్లబారి, లోపల గింజ గట్టిపడక డొల్లగా మిగిలిన కాయని తాలు అంటారు. ముక్కుకూ నోటికీ పాతచీర ముక్క కట్టుకుని, ఎర్రటి రాశుల మధ్య కూచుని, తాలు ఒక పక్కకీ మంచికాయ ఒక పక్కకీ వేరుచేయడం వాళ్ళ పని. పొద్దు వాలేలోగా రాశి తరిగేలా లేదనుకున్నప్పుడు మేస్త్రి వచ్చి, "ఆ నాలుగూ మంచి దాంట్లో కలిపెయ్యి మదారమ్మా, ఎవడు చూడొచ్చాడు" అనేవాడు.

"నేను చూశాగా," అనేది మదార్‌బీ.

అంతే. చెయ్యి ఆగేది కాదు, తల ఎత్తేది కాదు. మేస్త్రి తిట్టేవాడు, పనిలోంచి తీసేస్తానని రెండుసార్లు బెదిరించాడు కూడా. కానీ మదార్‌బీ ఏరిన కాయ మీద బేరగాళ్ళు మళ్ళీ చెయ్యి పెట్టి చూడరని అతనికీ తెలుసు. అందుకని తిట్టి ఊరుకునేవాడు.

ఆమెకప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. భర్త పీరు దూది ఏకి పరుపులు కుట్టేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అతని కనుబొమల మీద తెల్లగా నూగు పట్టి ఉండేది, ఆమె వేళ్ళు కారంతో మండుతుండేవి. ఇద్దరూ ఆనందపేటలోని ఒంటిగది ఇంటి ముందు కూచుని, అతను ఒళ్ళు దులుపుకుంటుంటే ఆమె వేళ్ళకు ఆముదం రాసుకునేది. పిల్లలు లేరు. పనికి తప్ప మదార్‌బీ బయటికి పోయేది తక్కువ.

పంతొమ్మిది వందల ఎనభై ఏడు మార్చిలో అకాలంగా వాన పడింది. రాశుల మీద పట్టాలు కప్పి, ఆడకూలీలందరినీ మధ్యాహ్నానికే ఇళ్ళకు పొమ్మన్నారు. మదార్‌బీ కొత్తపేట మీదుగా నడుచుకుంటూ పోతుంటే సినిమా హాలు పక్క సందులో వాన మళ్ళీ అందుకుంది. తలమీద కొంగు కప్పుకుని, కనిపించిన మొదటి గుమ్మంలోకి దూరింది. అది బాలస్వామి వీడియో గేముల షాపు.

బాలస్వామి అంతకుముందు క్యాసెట్లు అద్దెకిచ్చేవాడు. మద్రాసులో ఎవరో తీసేసిన యంత్రాలు నాలుగు లారీ మీద తెప్పించి, గోడలకు నల్లరంగు వేయించి, గుమ్మానికి ముదురు నీలం తెర కట్టి కూచున్నాడు. బీరువాలంత ఎత్తున్న పెట్టెలవి. ఒక్కోదానికి టీవీ లాంటి అద్దం, దాని కింద ఒక కర్ర, రెండు మూడు బొత్తాలు. మదార్‌బీ గోడకు ఆనుకుని నిలబడి చూసింది. బట్టల కొట్లో పనిచేసే రంజాన్ అనే గుమస్తా ఒకటో పెట్టె ముందు చెమటలు కక్కుతున్నాడు. అద్దంలో ఏదో కోట. గదులు, తలుపులు, ఎడమ పక్క తలుపు వెనక అన్నం గిన్నె, చుట్టూ దయ్యాలు. గొడ్డలి పట్టుకున్న మనిషి బొమ్మ ఒకటి దయ్యాల మధ్య చిక్కుకుని కొట్టుకుంటోంది. మూడుసార్లు అదే చోట చచ్చింది.

"ఆ ఎడమ పక్క తలుపు తియ్యవేందయ్యా?" అంది మదార్‌బీ. "అన్నం అక్కడ పెట్టుకుని ఇక్కడ చస్తన్నావేంది?"

రంజాన్ వెనక్కి తిరిగి చూశాడు. కొంగు నిండా మిరప ధూళి అంటుకున్న ఆడమనిషి. "నీకేం తెలుసు పిన్నీ?"

"కళ్ళున్నయ్ గదా."

"అయితే నువ్వే ఆడు," అని నవ్వుతూ పక్కకు జరిగాడు.

ఆడింది. నిమిషం తిరక్కుండానే చచ్చింది. షాపులో ఉన్న నలుగురూ నవ్వారు. మదార్‌బీ నవ్వలేదు. అద్దం వంకే చూస్తూ, "ఆ మూలనున్న గూట్లోంచి వస్తన్నయ్ దయ్యాలు. మీరంతా గూడు వదిలేసి దయ్యాల్ని కొడుతున్నారు. ఎంతసేపు కొట్టినా ఎట్టా తరుగుతయ్?" అంది. తర్వాత బాలస్వామి వైపు తిరిగి, "మళ్ళీ ఆడాలంటే ఏం చెయ్యాల?" అని అడిగింది.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం పొద్దున, యార్డుకు సెలవు, సినిమా హాళ్ళు ఇంకా తెరవని వేళ, ఆమె ఆ నీలం తెర తొలగించుకుని లోపలికి పోయేది. ఆటకు డబ్బుల కోసం వారం పొడుగూ మధ్యాహ్నం టీ మానేసింది. మిరపకాయ తొడిమ ఒక్క గుంజుతో తీసే వేళ్ళు ఆమెవి. ఆ బొత్తాల మీద అవి పడే వేగం చూడ్డానికి మగాళ్ళు వెనక చేరేవాళ్ళు. మొదట్లో వెకిలి మాటలు అనేవాళ్ళు. ఒకతను, "ఏమ్మా, ఇంట్లో వంట అయిందా?" అన్నాడు. "అయింది. నీకెవరూ పెట్టలేదా?" అంది మదార్‌బీ, కళ్ళు తిప్పకుండా.

ఆమె ఆడడమే కాదు, ప్రతి ఆట మీదా ఆమెకొక అభిప్రాయం ఉండేది. అది ఎవరూ అడక్కపోయినా చెప్పేది.

విమానాల ఆట ఉంది. పైనుంచి వరసలు వరసలుగా దిగే శత్రువుల్ని కింద నుంచి కాల్చాలి. రెండు ఆదివారాలు ఆడి వదిలేసింది. "మంచి ఆటే, మోసం లేదు. ఏ వరస ఎప్పుడు దిగుద్దో అప్పుడే దిగుద్ది. కాకపోతే నేర్చుకున్నాక ఇంకేమీ లేదందులో. కళ్ళు మూసుకుని కాయలు ఏరినట్టు ఉంటది," అంది. కార్ల ఆట మీద ఆమెకు కోపం. దానికి నిజం స్టీరింగు ఉంది, అందుకని జనం ఎగబడేవాళ్ళు. "వెనక నించి వచ్చి గుద్దినోడిది తప్పా, ముందు పోయేవాడిదా? ఈ ఆటలో ఎవరు గుద్దినా చచ్చేది మనమే. చిలకలూరిపేట రోడ్డు మీద లారీ డ్రైవర్లు నయం. ఎవడో బండి తోలడం రానివాడు చేశాడిది," అని తేల్చేసింది.

కోట ఆట మాత్రం వేరు. దాంట్లో ముందు నలుగురిలో ఒకర్ని ఎంచుకోవాలి. గొడ్డలి మనిషి, కత్తి మనిషి, గడ్డం మంత్రగాడు, విల్లు పట్టుకున్న ఆడమనిషి. ఎవర్ని ఎంచుకుంటే ఆట అయిందాకా మనం వాళ్ళమే. వాళ్ళ బలమే మన బలం, వాళ్ళ ఆకలే మన ఆకలి. మగాళ్ళంతా గొడ్డలి మనిషి మీద పడేవాళ్ళు. "వాడు మా మేస్త్రి లాంటోడు. అరుపెక్కువ, కదలడం తక్కువ," అనేది మదార్‌బీ. ఆమె ఎప్పుడూ విల్లు మనిషినే తీసుకునేది. ఆ మనిషికి దెబ్బ కాచుకునే బలం లేదు, అందుకని దెబ్బ పడే చోట నిలబడకూడదు. ఆ సంగతి మదార్‌బీకి ఎవరూ నేర్పక్కర్లేదు.

అన్నిటికంటే ఆమెకు నచ్చింది అందులోని ఆకలి. అద్దం పక్కన ఒక అంకె ఉండేది. ఎవరూ కొట్టకపోయినా, ఊరికే నిలబడ్డా అది తరుగుతూనే ఉండేది. కోటలో అక్కడక్కడా ఉన్న అన్నం గిన్నెలు చేరుకుంటే కాస్త పెరిగేది. ఆలస్యం చేస్తే ఎలుకలు వచ్చి తినేసేవి. "ఈ ఒక్క ఆట చేసినోడికి ఆకలంటే తెలుసు," అంది మొదటిసారి పీరుకు చెప్పినప్పుడు.

పీరు కనుబొమలు తుడుచుకుంటూ విన్నాడు. "మరి ఆ విల్లు పిల్లకి ఇల్లెక్కడ?" అని అడిగాడు.

మదార్‌బీ ఆలోచనలో పడింది. ఆ కోటకు చివర లేదు. గది తర్వాత గది, కింద మరో అంతస్తు. నిధి మూటలు దొరికేవి కానీ వాటిని తీసుకుని బయటికి పోయే దారి లేదు. "లేదు," అంది. "అదే దాని లోపం. చేసినోడు ఇల్లు మర్చిపోయాడు. ఇంకోటి, చలికోటలో ఆ పిల్లకి సరైన గుడ్డ గూడా ఇయ్యలేదు. మగాళ్ళ ముగ్గురికీ ఇనప చొక్కాలు తొడిగారు. ఆ చేసినోడు కనపడితే అడుగుతా."

పీరు నవ్వాడు. ఆమె ఆదివారాలు ఎక్కడికి పోతోందో అతనికి మొదట్నుంచీ తెలుసు, ఎప్పుడూ వద్దనలేదు.

వద్దన్నది అతని అన్న నన్నే సాహెబ్. గాజుల వ్యాపారం చేసేవాడు, నలుగురిలో పెద్దమనిషి. ఒక సాయంత్రం వచ్చి మంచం మీద కూచుని, మరదలి వైపు చూడకుండా తమ్ముడితో మాట్లాడాడు. "ఒరేయ్ పీరూ, నీ పెళ్ళాం కొత్తపేట సందులో మగాళ్ళ మధ్య నిలబడి ఆటలాడుతోందంట. బజారంతా అనుకుంటున్నారు. అడిగేవాడు లేడా?"

పీరు నోరు తెరిచేలోపే మదార్‌బీ మంచినీళ్ళ చెంబు తెచ్చి బావగారి ముందు పెట్టింది. "నన్నే అడగండి బావగారూ, ఇక్కడే ఉన్నా. పదమూడేళ్ళ నించి హమాలీల మధ్య, బేరగాళ్ళ మధ్య కూచుని కాయలేరుతున్నా. అప్పుడు మగాళ్ళ మధ్య అని ఎవరూ అనలేదు. పని చేసేటప్పుడు లేని మగాళ్ళు ఆడుకునేటప్పుడు ఎక్కణ్ణించి వచ్చారు?"

నన్నే సాహెబ్ నీళ్ళు తాగకుండానే లేచిపోయాడు.

షాపులో నాలుగో పెట్టె గురించి ఇంకా చెప్పలేదు. అది మూలన ఉండేది. దానికి కర్ర లేదు, ఒకటే బొత్తాం. నొక్కితే అద్దంలో మూడు పళ్ళ బొమ్మలు గిర్రున తిరిగి ఆగేవి. మూడూ ఒకటే అయితే గలగలమని బిళ్ళలు రాలేవి. ఆ బిళ్ళలు బాలస్వామికిస్తే డబ్బులిచ్చేవాడు. మదార్‌బీ దాన్ని ఒక్కరోజు ఆడింది. ఏ పండు తర్వాత ఏ పండు వస్తోందో రెండు గంటలు పక్కన నిలబడి చూసింది కూడా. చివరికి, "తాలు," అని ఒక్క ముక్క అని మళ్ళీ దాని దగ్గరికి పోలేదు.

కోట ఆటలో రోజూ చచ్చే రంజాన్ మాత్రం దానికి అతుక్కుపోయాడు. వేసవి ముదిరేసరికి అతను కొట్టుకు సెలవులు పెట్టి మరీ వచ్చేవాడు. అద్దంలో పళ్ళు తిరుగుతుంటే అతని పెదాలు ఏదో జపిస్తున్నట్టు కదిలేవి. ఒక ఆదివారం అతని భార్య చంకలో బిడ్డతో వచ్చి గుమ్మం బయట నిలబడింది. లోపలికి రావడానికి సిగ్గుపడి తెర పట్టుకుని పిలుస్తుంటే అతను వినిపించుకోలేదు. మదార్‌బీ కోట ఆట మధ్యలో వదిలేసి వచ్చి అతని భుజం తట్టింది. "లెయ్యి. పిలుస్తంది." రంజాన్ విదిలించుకున్నాడు. "ఇప్పుడు పడుద్ది పిన్నీ, ఈసారి పడుద్ది," అన్నాడు.

జూన్ నెలలో పోలీసులొచ్చారు. జూదం నడుపుతున్నాడని ఎవరో అర్జీ పెట్టారు. రంజాన్ భార్యేనని కొందరన్నారు. నాలుగు పెట్టెలూ వ్యానెక్కించి తీసుకుపోయారు. బాలస్వామి మీద కేసు పెట్టారు.

వారం తర్వాత బాలస్వామి మదార్‌బీని వెతుక్కుంటూ యార్డుకొచ్చాడు. తుమ్ముకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ రాశుల పక్కన నిలబడ్డాడు. "అమ్మా, నువ్వు సాక్ష్యం చెప్పాల. ఇవి అదృష్టం మీద ఆడేవి కాదు, తెలివి మీద, చేతి ఒడుపు మీద ఆడేవని చెప్తే చాలు. తెలివితో ఆడేదైతే జూదం కిందికి రాదంట. నీకంటే బాగా ఆడేవాళ్ళు ఊళ్ళో లేరు."

"చెప్తా," అంది మదార్‌బీ. "వాళ్ళు కోట ఆటని పట్టుకుపోయి జూదం అంటున్నారని నాకూ కడుపు మండుతోంది."

మర్నాడు అతను ఆమెను తన వకీలు జక్రయ్య ఇంటికి తీసుకుపోయాడు. జక్రయ్య నెమ్మదైన మనిషి, మోచేతుల దగ్గర వెలిసిపోయిన నల్లకోటు వేసుకునేవాడు. ఏమడుగుతారో, ఏం చెప్పాలో వివరించాడు. "నాలుగు యంత్రాలూ నైపుణ్యంతో ఆడేవేనని చెప్పాలమ్మా," అన్నాడు.

"మూడు," అంది మదార్‌బీ.

"ఏందీ?" అన్నాడు బాలస్వామి.

"పళ్ళది కాదు. అందులో తెలివేముంది?"

బాలస్వామి మొహం మాడిపోయింది. షాపు నడిచేదే ఆ పెట్టె మీద. బతిమాలాడు. కోట ఆట ఆమెకు జీవితాంతం ఊరికే ఆడుకోనిస్తానన్నాడు. ఇంటికే పంపిస్తానన్నాడు. మదార్‌బీ వింటూ కూచుని, చివరికి లేచి కొంగు సర్దుకుంది. "బాలస్వామీ, నీ పెట్టెలు నీవి. మాట నాది. నన్ను పిలిస్తే నేను చూసింది చెప్తా. వద్దనుకుంటే పిలవొద్దు."

జక్రయ్య బాలస్వామిని పక్కకు పిలిచి ఏదో మాట్లాడాడు. ఆమె తప్ప వాళ్ళకు వేరే దిక్కు లేదు. మిగతా ఆటగాళ్ళంతా కోర్టు పేరు చెబితే మాయమయ్యారు. మూడింటి మాట గట్టిగా చెప్తే నాలుగోదాన్ని అడక్కుండా దాటించేద్దామని అనుకున్నారు.

కోర్టు రోజున పీరు కూడా పని మానేసి వచ్చి వెనక బెంచీ మీద కూచున్నాడు. ఎలీసమ్మ వచ్చింది. నన్నే సాహెబ్ రాలేదు. మదార్‌బీ బోనెక్కి ప్రమాణం చేసింది. జక్రయ్య అడిగినవాటికి టకటకా జవాబు చెప్పింది. తర్వాత ప్రభుత్వ వకీలు లేచాడు.

"ఏమ్మా, నువ్వేం పని చేస్తావు?"

"మిరప యార్డులో కాయలేరతానండి."

"కాయలేరే ఆడదానివి. ఈ యంత్రాల గురించి నీకేం తెలుసని సాక్ష్యానికి వచ్చావు? చదువుకున్నావా?"

"ఆ పెట్టెకి మా చదువుతో పనేముందండీ? ఆడినోళ్ళకి తెలుస్తది. మీరాడారా?"

కోర్టులో నవ్వులు లేచాయి. మేజిస్ట్రేటుగారు బల్ల మీద కొట్టారు. ప్రభుత్వ వకీలు కాస్త ఎర్రబడి, "డబ్బు వేస్తావు, యంత్రం తన ఇష్టం వచ్చినట్టు ఆడుతుంది. గెలుపైనా ఓటమైనా అంతా అదృష్టమే కదా?" అన్నాడు.

"అదృష్టమైతే నేర్పడం కుదరదు గదండీ. నేను నేర్పగలను."

"ఎవరికి?"

మదార్‌బీ చుట్టూ చూసింది. గుమ్మం దగ్గర నిలబడ్డ మీసాల కానిస్టేబుల్ని చూపించింది. "ఆయనకి. ఎప్పుడన్నా ఆడాడేమో ముందు అడగండి."

ఆ కానిస్టేబులు ఎప్పుడూ ఆడలేదు. మేజిస్ట్రేటుగారు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, సాక్ష్యంగా తెచ్చిన పెట్టెలు వరండాలోనే ఉన్నాయి కదా, వాటికి కరెంటు ఇవ్వమన్నారు. అరగంటలో కోర్టు కోర్టంతా వరండాలోకి వచ్చేసింది.

కానిస్టేబులు గొడ్డలి మనిషిని ఎంచుకున్నాడు. మదార్‌బీ దూరంగా, చేతులు వెనక కట్టుకుని నిలబడింది. మొదటి ఆట ఆమె నోరు విప్పలేదు. కానిస్టేబులు బొత్తాలన్నీ ఒకేసారి నొక్కాడు, గోడకేసి నడిచాడు, నిమిషంలో చచ్చాడు. "చూశారుగా," అన్నాడు ప్రభుత్వ వకీలు.

"ఇప్పుడు చూడండి," అంది మదార్‌బీ. "అన్నా, గొడ్డలోణ్ణి వదిలెయ్, విల్లు పిల్లని తీసుకో. ఆ. గోడకి ఆనుకుని ఉండు. దయ్యాల వైపు చూడమాక, అవెక్కణ్ణించి వస్తున్నయ్యో ఆ మూల చూడు. కనపడిందా గూడు? దాన్ని కొట్టు. ఇంకా కొట్టు. ఇప్పుడు ఎడమ తలుపు. అన్నం తిను, ఎలక వస్తంది, తొందరగా. ఆ పక్క అంకె తరుగుతోంది, నిలబడొద్దు."

కానిస్టేబులు మొదటి గది దాటాడు. రెండోది దాటాడు. మూడో గదిలో అతని టోపీ జారి కిందపడితే తీసుకోలేదు. నాలుగో గది తలుపు తీస్తుండగా కరెంటు పోయింది.

"అయ్యో!" అని అరిచాడు కానిస్టేబులు గట్టిగా. తర్వాత ఎక్కడున్నాడో గుర్తొచ్చి అటెన్షన్లో నిలబడ్డాడు. ఈసారి మేజిస్ట్రేటుగారు బల్ల కొట్టలేదు, అక్కడ బల్ల లేదు. ఆయన ఆరిపోయిన అద్దం వైపు చూస్తూ, "ఆ తలుపు వెనక ఏముందమ్మా?" అని అడిగారు.

మదార్‌బీ చెప్పింది. నాలుగో గదిలో రెండు గూళ్ళు, మధ్యలో నేల విరిగి ఉంటుందని, ఐదో గదిలో తాళం చెవి ఉన్నా తీసుకోకూడదని, ఎందుకంటే అది తీస్తే వెనక దారి మూసుకుపోతుందని, ఎనిమిదో గది దాకా వరసగా చెప్పుకుపోయింది. బెంచి గుమస్తా రాసుకున్నాడు. గంట తర్వాత కరెంటొచ్చింది. మేజిస్ట్రేటుగారు ఆమెనే ఆడమన్నారు. ఆమె ఆడుతుంటే గుమస్తా తాను రాసుకున్న కాగితంతో ఒక్కో గదీ పోల్చి చూశాడు. ఒక్కటీ తప్పలేదు.

జక్రయ్య ముఖం వెలిగిపోయింది. "సాక్షిని ఇంకేమీ అడగను," అని పక్కకు తప్పుకోబోయాడు. కానీ మేజిస్ట్రేటుగారు మూలనున్న పెట్టె చూపించారు. "మరి అది?"

మదార్‌బీ ఆ పెట్టె దగ్గరికి వెళ్ళి దాని ఒంటి బొత్తాం మీద చెయ్యి వేసింది.

"దీన్ని ఎట్టా ఆడాలో నేర్పమంటే నా దగ్గరేమీ లేదండి. నేను నొక్కినా, ఈ అన్న నొక్కినా, మీరు నొక్కినా ఒకటే. పక్కన నిలబడి రెండు గంటలు చూశా, పట్టు దొరకలా. నేర్చుకోడానికి ఏమీ లేనిది ఆటెట్టా అవుద్ది? అద్దం, దీపాలు, బొమ్మలు పెట్టి వాటి పక్కన నిలబెట్టినంత మాత్రాన ఇది వాటి జాతిది కాదు. మంచి కాయల్లో కలిపిన తాలు. ఏరి పారెయ్యండి, మిగతా మూడూ ఇచ్చెయ్యండి."

"సాక్షి తన హద్దు దాటుతోంది!" అన్నాడు ప్రభుత్వ వకీలు, అలవాటు కొద్దీ. తన వాదనకే బలమిచ్చే మాట అది అని తర్వాత తట్టింది.

పదిహేను రోజులకు తీర్పు వచ్చింది. మూడు పెట్టెలు బాలస్వామికి తిరిగిచ్చారు. పళ్ళ పెట్టెను జప్తు చేసి, అతనికి జరిమానా వేశారు. కోర్టు మెట్ల మీద బాలస్వామి మదార్‌బీ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "నా పొట్ట కొట్టావు. ఇంక నా షాపు గడప తొక్కొద్దు."

"నీ మూడు పెట్టెలు ఎవరిప్పించారు?" అంది మదార్‌బీ.

అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఇంటికి పోయే దారిలో పీరు, "బాధగా ఉందా?" అని అడిగాడు. ఉందని ఆమె ఒప్పుకుంది. ఆ విల్లు మనిషితో పదకొండో గది దాకా పోయింది. పన్నెండో గదిలో ఏముందో ఇంక తెలియదు.

షాపు మళ్ళీ తెరిచిన మొదటి ఆదివారం మదార్‌బీ పోయింది. గుమ్మం మీద కొత్త బోర్డు ఉంది. ఆడవాళ్ళకు ప్రవేశం లేదని రాసి ఉందని ఒకతను చదివి చెప్పాడు. ఆమె వెనక్కి తిరగలేదు. ఎదురుగా మూసి ఉన్న కొట్టు అరుగు మీద కూచుంది. లోపలికి పోయే ప్రతి మనిషినీ పిలిచి చెప్పింది. "కార్లది ఆడమాక, అది అన్యాయంగా చంపుద్ది. కోట ఆడు. గూడు కొట్టు, దయ్యాన్ని కాదు." బాలస్వామి బయటికొచ్చి, "పో ఇక్కణ్ణించి," అన్నాడు.

"ఇది నీ గడపా? నీ గడప తొక్కొద్దన్నావు, నేను తొక్కలా. చెప్పుకోనియ్యి," అంది.

రెండో ఆదివారం ఆమె పక్కన ఎలీసమ్మ కూచుంది. మూడోవారం యార్డు నుంచి ఇంకో ఐదుగురు ఆడవాళ్ళు వచ్చారు, ఆట ఏందో చూద్దామని. లోపల ఆడుతున్న మగాళ్ళు కోట ఆట మధ్యలో చిక్కుకుపోయినప్పుడు గుమ్మం దాకా వచ్చి, "మదారమ్మా, ఐదో గదిలో తాళం చెవి తీసుకోవాలా వద్దా?" అని అడిగిపోవడం మొదలైంది. ఆమె అరుగు మీద నుంచే అరిచి చెప్పేది. ఆ అరుపులకు సినిమాకొచ్చిన జనం ఆగి, ఇదేదో చూద్దామని లోపలికి పోయేవాళ్ళు. బాలస్వామి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. నాలుగో ఆదివారం పొద్దున బోర్డు లేదు. అతను ఆమె వైపు చూడలేదు. తెర మాత్రం సగం తీసి కట్టి ఉంది. మదార్‌బీ లేచి లోపలికి పోయింది. ఆమె వెనక ఆరుగురు ఆడవాళ్ళు పోయారు.

రంజాన్ మాత్రం ఆమెను క్షమించలేదు. బజార్లో ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు. అతను ఆ తర్వాత తెనాలిలో ఎక్కడో పేకాటకు మరిగాడని మదార్‌బీ విన్నది. అతని భార్య ఒకసారి యార్డులో పని అడగడానికి వచ్చినప్పుడు మదార్‌బీ తన పక్కనే చోటిచ్చింది, తొడిమ ఎట్టా గుంజాలో చూపించింది. ఆ అమ్మాయి కేసు సంగతి ఎత్తలేదు, ఈమె అడగలేదు.

ఎనభై తొమ్మిది చలికాలంలో బాలస్వామి యార్డుకు కబురు పంపాడు. మద్రాసు నుంచి కొత్త పెట్టె వచ్చిందట. సాయంత్రం పని దిగాక మదార్‌బీ, వేళ్ళకు ఆముదం కూడా రాసుకోకుండా పోయింది. ఇది అడివి ఆట. దీంట్లో కూడా ఒక మనిషిని ఎంచుకోవాలి, కానీ ఇక్కడ ఆ మనిషి పోయినచోటల్లా ఎవరో ఒకరు ఎదురై ఏదో ఒకటి అడుగుతారు. నీళ్ళు, దారి, సాయం. ఇస్తే ఒక దారి తెరుచుకుంటుంది, ఇవ్వకపోతే ఇంకోటి. మదార్‌బీ మూడుసార్లు చచ్చింది. నాలుగోసారి కర్ర పట్టుకుంది. అరడజను మంది వెనక చేరారు. బాలస్వామి తన కుర్చీ వదిలేసి వచ్చి ఆమె భుజం పక్కన నిలబడ్డాడు.

"ఎట్టా ఉంది?" అన్నాడు. "ఉంచమంటావా, తిప్పి పంపమంటావా?"

"ఉండు."

"లారీవాడు రేపు పొద్దున్నే పోతాడు. ఇయ్యాలే చెప్పాల."

"ఇంతమంది వచ్చి అడుగుతుంటే ఎవరికీ ఏమీ ఇయ్యకుండా ఎంత దూరం పోనిస్తదో చూడాల. ఆ తర్వాత అందరికీ ఇచ్చి చూడాల," అంది మదార్‌బీ. "లారీవాణ్ణి ఆగమను."